నేను జొన్నల పాతరను

రాయదుర్గం కొండ కింద, పాత వీధిలో ఒక రైతింటి ముంగిట్లో ఉన్నాను. పైకి కనిపించేది ఒక మనిషి దిగేంత నోరు, దానిమీద బండ. లోపల మాత్రం నిలువెత్తుకు మించిన లోతు, గదంత వెడల్పు.

నన్ను ధాత కరువు తీరినాక తవ్వారు. 1876లో, ధాత నామ సంవత్సరంలో వానలు ఎగ్గొట్టి, 1878 దాకా ఈ సీమ అల్లాడింది. అప్పట్లో రాయదుర్గం బళ్ళారి జిల్లాలోది. 1953లో గానీ అనంతపురంలో కలవలేదు. ఆ కరువును దాటి బతికినాయన, మళ్ళీ పంట చేతికొచ్చిన మొదటి ఏడే గడ్డపార పట్టాడు. ఇంటిల్లిపాది రెక్కల కష్టం, కొన్ని మోపుల చొప్ప, మూతకొక బండ. నాకైన ఖర్చంతే.

గోడలకు చొప్ప పరిచి, బాగా ఎండిన జొన్నలు నోటిదాకా పోసి, బండ మూసి, అంచులకు బురదమట్టి మెత్తేవాళ్ళు. ఆ తర్వాత పని నాది. గింజలూ వాటిలో దాగిన పురుగులూ ఉన్న కాస్త గాలినీ పీల్చేసుకుంటాయి. ప్రాణవాయువు అయిపోయాక పురుగు చస్తుంది, గింజ నిలుస్తుంది. అందుకే నన్ను తెరిచిన రోజున ఎవరూ దిగేవాళ్ళు కాదు. చెడుగాలి పోయేదాకా నోరు తెరిచి ఉంచి, తాడుకు దీపం కట్టి వదిలేవాళ్ళు. దీపం ఆరితే మనిషి దిగకూడదు. ఆ జాగ్రత్త లేక పాతరల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. గోడవారన నల్లబడి పులిసిన గింజలు గొడ్లకు పోయేవి. నడిమి జొన్నలు మటుకు సంగటికి పనికొచ్చేవి.

విత్తనాలు నాకు ఇచ్చేవాళ్ళు కాదు, నా కడుపులో పడ్డ గింజ సరిగా మొలకెత్తదు. వాటిని బూడిద కలిపి కుండల్లో పోసి, మూతికి పేడ మెత్తి అటకెక్కించేవాళ్ళు. కందులకు ఎర్రమట్టి పట్టించేవాళ్ళు. ఆ పనులన్నీ ఆడవాళ్ళవే. ఈ ఇంటి అవ్వ కోడలితో అనే మాట నాకు కంఠతా వచ్చు: "మే, పండినేడే నింపల్ల. పండనేడు యాడ తెచ్చేది?" నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించేసుకుని, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఇంతకంటే పెద్ద శాస్త్రం లేదు. 1950ల మొదట్లో సీమంతటా గంజి కేంద్రాలు తెరిచినప్పుడు, ఈ ఇంట్లో పొయ్యి మీద ఎసరు నా జొన్నలకోసమే మరిగింది.

ఆ తర్వాత వేరుశనగ వచ్చింది. జొన్న, కొర్ర చేలు కాయ చేలయ్యాయి. కాయలమ్మిన డబ్బు వచ్చింది, 1983లో రెండు రూపాయల కిలో బియ్యమూ వచ్చింది. ఆ బియ్యం పేదింటికి నిజంగా ఆసరా. కానీ చేను ఎండిన ఏడు డబ్బూ లేదు, గింజా లేదు; ఉన్నది అప్పు. నాకు బాధ కలిగించింది అదే.

2020లో లాక్‌డౌన్ పడింది. ఈ ఇంటి కోడలు ఇప్పుడు జీన్స్ ప్యాంట్లు కుడుతుంది. కుట్టుపని ఆగిపోయింది, కూలీ ఆగిపోయింది. రేషన్ బియ్యం అందాయి. వాటికి తోడు అంతకుముందు సంక్రాంతికి ఆమె డ్రమ్ములో పోసిన రాగులు, డబ్బాలో ఉలవలు కుటుంబాన్ని నడిపాయి. పిల్లలకు రాగిసంగటీ ఉలవచారూ దొరికాయి, వడ్డీకి చెయ్యి చాచే పని తప్పింది.

నన్ను మళ్ళీ నింపమని ఎవరినీ అడగను. పక్కన మురుగు కాలువ వచ్చింది, నా గోడలు చెమ్మ పీలుస్తున్నాయి. కానీ నా పద్ధతి ఆమె డ్రమ్ముకూ సరిపోతుంది. కళ్ళాలప్పుడు ధర తక్కువగా ఉన్నప్పుడే కొనాలి. పంటికింద గింజ కటుక్కుమనేదాకా ఎండబెట్టాలి. గాలికి చోటు లేకుండా అంచుదాకా పోసి, మూత బిగించాలి. ఊరికే తెరిచి చూడకూడదు. నలుగురున్న ఇంటికి రోజుకు కిలో లెక్కన, ఒక క్వింటాల్ రాగులు మూడు నెలలు దాటిస్తాయి. ఒక్కసారిగా కొనలేనివాళ్ళు నెలకు పది కిలోలు పక్కన పెట్టినా ఏడాది తిరిగేసరికి అంతా సమకూరుతుంది. ఈమె మొదలుపెట్టిందీ అలాగే. ఈ ఏడు రెండో డ్రమ్ము కొని కొర్రలు పోసింది.