మగైనా ఆడైనా కారెక్కాల్సిందే

ఓటరు మనసెరిగి నడుచుకునేది ఆడ నాయకులా, మగ నాయకులా అని మేధావులు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. అంత శ్రమెందుకు? దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగండి చాలు. ఓ పక్క ఎల్బీ నగర్ నియోజకవర్గం, ఇంకో పక్క సరూర్‌నగర్, ఆర్కే పురం డివిజన్లను కలుపుకున్న మహేశ్వరం. 2018లో అక్కడ దేవిరెడ్డి సుధీర్‌రెడ్డి, ఇక్కడ సబితా ఇంద్రారెడ్డి కాంగ్రెస్ చెయ్యి గుర్తు మీద గెలిచారు. ఏడాది తిరక్కుండానే ఇద్దరూ టీఆర్‌ఎస్ కారెక్కేశారు. జనం నొక్కింది చెయ్యి, కదిలింది కారు! స్త్రీ పురుష సమానత్వం అంటే ఇదే మరి. కాకపోతే పంపకాల్లో కాస్త తేడా వచ్చింది. ఆమెకు విద్యాశాఖ దక్కితే, ఆయన వాటాకు మూసీ నది అభివృద్ధి సంస్థ వచ్చింది.

ఓటరు అలిగాడా? అబ్బే. 2023లో ఇద్దర్నీ కారు గుర్తు మీదే మళ్లీ గెలిపించాడు. తీరా చూస్తే ఈసారి గద్దెనెక్కింది చెయ్యి. దూకకుండా ఉండుంటే ఎంత బాగుండేదో!

ఇక డివిజన్ల సంగతి. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 150 సీట్లలో సగం మహిళలకే. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ చూడండి: కార్పొరేటరమ్మ ఫొటో పాస్‌పోర్టు సైజు, వారి శ్రీవారిది నిలువెత్తు. డ్రైనేజీ పొంగిందని మేడమ్ నంబరుకు ఫోన్ చేస్తే, "చెప్పన్నా" అని మగ గొంతు.

"మేడమ్ లేరా?"

"వంటింట్లో ఉన్నరన్నా. నాకు చెప్తే మేడమ్‌కి చెప్పినట్టే."

చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో అనే ఆర్థికవేత్తలు బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించి, మహిళలు ప్రధాన్‌లుగా ఉన్నచోట మంచినీళ్ల పనులు ఎక్కువగా జరిగాయని 2004లోనే తేల్చారు. పొద్దున్నే బిందె పట్టుకునేది వాళ్లే కదా, నీళ్ల విలువ తెలియకుండా ఎట్లా ఉంటుంది? అయితే ఆ ఊళ్లలో ప్రధాన్ ఫోన్ ప్రధానే ఎత్తేదేమో! మన దగ్గర 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాంనగర్ మునిగింది. అయినా డిసెంబరులో జీహెచ్‌ఎంసీ పోలింగ్ పెడితే నగరం మొత్తమ్మీద సగం మంది కూడా బూత్‌కు రాలేదు. ఇక దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే ఆడపిల్లల్లో చాలామందికి ఓటు సొంతూళ్లోనే. రాత్రి క్లాసు నుంచి వస్తుంటే వీధిదీపం వెలగకపోతే వాళ్లు ఎవరికి చెప్పుకోవాలి?

చట్టసభల్లో మూడో వంతు సీట్లు మహిళలకిచ్చే చట్టం 2023 సెప్టెంబరులో పాసైంది. కానీ జనగణన, పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే మెలిక పెట్టారు. అదే ఏడాది తెలంగాణలో గెలిచిన 119 మందిలో మహిళలు 10 మంది. ఎల్బీ నగర్‌కైతే 2009 నుంచి నాలుగుసార్లు అసెంబ్లీ ఎన్నికలు జరిగినా ఒక్క మహిళా ఎమ్మెల్యే రాలేదు. ఈసారి ఓటడగడానికి అక్క వచ్చినా, అన్న వచ్చినా గుమ్మంలోనే రెండు ముక్కలు అడగండి: గెలిచాక ఏ పార్టీలో ఉంటారు, ఫోన్ ఎవరెత్తుతారు?