చెల్లిన ఓట్లు, చెల్లని మాటలు: ఒక బ్యాలెట్ పెట్టె ఆత్మకథ

నన్ను గుర్తుపట్టారా? పంచాయతీ ఎన్నికల రోజున బడి బల్ల మీద కూర్చుని, మీరు మడిచి ఇచ్చిన కాగితాన్ని మింగేది నేనే. మిగతా రోజుల్లో నేనెక్కడుంటానో మీరెప్పుడూ అడగలేదు. భద్రాచలం దాటాక అడవి అంచున ఒక మండల కార్యాలయం ఉంది. దాని వెనక గదిలో, కాళ్ళు విరిగిన కుర్చీల కింద, బ్లీచింగ్ పౌడరు బస్తాల పక్కన పడి ఉంటాను. ట్యూబులైటు మార్చాల్సి వస్తే అటెండరు నా మీదెక్కి నిలబడతాడు. ఒకప్పుడు నా మీద ఎమ్మెల్యేల తలరాతలు నిలబడ్డాయి. ఇప్పుడు అటెండరు కాళ్ళు నిలబడుతున్నాయి.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇనుప రేకును వంచారు, మూత బిగించారు, మూతకు సన్నటి నోరు కోశారు, ఆకుపచ్చ రంగు పూశారు. మా వంశం గొప్పతనం మాత్రం చెప్పుకోవాలి. 1951-52లో తొలి సాధారణ ఎన్నికల కోసం ఈ దేశంలో ఇరవై లక్షలకు పైగా మా తాతలు తయారయ్యారు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. దాని మీద గుర్తు అంటించేవారు, చదువురాని మనిషి గుర్తు చూసి తన కాగితం వేసేవాడు. హైదరాబాదు సంస్థానంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే ఆ పార్టీ వాళ్ళు పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండ పెట్టెల్లో రావి నారాయణరెడ్డికి పడ్డ ఓట్లు నెహ్రూకు పడ్డవాటికన్నా ఎక్కువ. ఆ కథను మా తాతలు నాకు చెప్పిన తీరు వింటే వాళ్ళే గెలిచారనుకుంటారు.

నేను పుట్టేనాటికి అందరికీ ఒకటే పెట్టె, ఒకటే కాగితం. భద్రాచలం తాలూకా కూడా 1959లోనే తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చి చేరింది. 1978 ఎన్నికలకు నన్ను లారీ ఎక్కించి ఈ అడవికి తెచ్చారు. తారురోడ్డు అయిపోయిన చోట జీపు, జీపు ఆగిన చోట ఎడ్లబండి, వాగు దగ్గర మనిషి నెత్తి. అలా ఊరు చేరేవాణ్ణి. తెల్లవారగానే ఏజెంట్లందరికీ నా కడుపు తెరిచి చూపించేవారు, లోపల ఏమీ లేదని. అప్పుడు కాగితపు ముద్ర మీద అందరి చేతా సంతకాలు చేయించి, మూత వేసి, లక్క కరిగించి సీలు వేసేవారు. వేడి లక్క మీద పడ్డప్పుడు చురుక్కుమనేది. ఆ మంట కూడా నాకు గౌరవంగానే ఉండేది.

ఆ రోజుల్లో నా కడుపులో పడే కాగితాల్లో చాలావాటి మీద స్వస్తిక్ ముద్ర ఒకే గుర్తు పక్కన ఉండేది. సుత్తి, కొడవలి, నక్షత్రం. 1978 మొదలు 2004 దాకా భద్రాచలం అసెంబ్లీ స్థానంలో గెలిచింది సీపీఎం ఒక్కటే. ముర్ల ఎర్రయ్యరెడ్డి, ఆయన తర్వాత 1985, 1989, 1994లో వరసగా మూడుసార్లు కుంజా బొజ్జి, ఆపైన సున్నం రాజయ్య. బొజ్జి గారు ఎమ్మెల్యే అయ్యాక కూడా సైకిలు మీదే ఊళ్ళు తిరిగేవారు. రాజయ్య గారు బస్సెక్కేవారు, ఆటో ఎక్కేవారు. కోయ గూడేల నుంచి ఓటు వేయడానికి వచ్చినవాళ్ళు వరసలో నిలబడి వాళ్ళ గురించి మాట్లాడుకునేది నాకు వినబడేది. అందులో నాయకుడి మీద భక్తి కన్నా మనవాడు అన్న చనువే ఎక్కువ. తునికాకు కట్ట రేటు పెంచమని అడిగింది ఆ జెండాయే. ఫారెస్టోళ్ళు నాగలి గుంజుకుపోతే రేంజి ఆఫీసు ముందు కూర్చున్నది ఆ జెండాయే. అడవి నరికి పోడు కొట్టుకున్న భూమి మీద నిలబడమని చెప్పింది కూడా అదే. అందుకే ఓటేశారు. సిద్ధాంతం చదివి వేసినవాళ్ళు ఎంతమందో నేను చెప్పలేను. నా కడుపులో సిద్ధాంతం కనపడదు, కాగితమే కనపడుతుంది.

2004లో దేశమంతటా ఓటింగ్ యంత్రాలు వచ్చాయి. కొన్ని హైదరాబాదు ఈసీఐఎల్‌లో, మరికొన్ని బెంగళూరు బీఈఎల్‌లో పుట్టిన పిల్లలు. కరెంటు లేకపోయినా బ్యాటరీతో నడుస్తాయి, నొక్కితే కూత పెడతాయి. వాటికి తాళాలు వేసిన గది, తుపాకీ పట్టుకున్న కాపలా. మాకు ఈ వెనక గది, బల్లులు. అసూయ అనుకుంటే అనుకోండి. పాతికేళ్ళు ఈ అడవిలో లెక్క తప్పకుండా పనిచేసిన మమ్మల్ని ఒక్కరూ మంచిమాటతో పంపలేదు. గోడ పక్కన పేర్చి పోయారు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు ఎక్కినప్పుడు ఆ గదిలోకీ నీళ్ళొచ్చాయి. ఫైళ్ళను పైకెత్తారు, కంప్యూటర్‌ను ఎత్తారు, కుర్చీలను కూడా ఎత్తారు. నన్ను ఎత్తలేదు. ఎడమ పక్క అంచుకు పట్టిన ఈ తుప్పు అప్పటిది.

గదిలో పడి ఉన్నా చెవులు మూతపడలేదు. పింఛను కోసం వచ్చినవాళ్ళు, పట్టా అర్జీ పట్టుకుని వచ్చినవాళ్ళు, కిటికీ అవతల అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేవారు. అసెంబ్లీ ఓట్లు నా కడుపులో పడకపోయినా, ఆ ఓట్లు ఎందుకు మారుతున్నాయో నాకు అక్కడే తెలిసింది.

మొదటి పగులు పొత్తులతో వచ్చింది. 2004లో కాంగ్రెసు పక్కన, 2009లో అదే కాంగ్రెసు మీద తెలుగుదేశం, టీఆర్ఎస్‌ల పక్కన. నిన్న తిట్టిన జెండాను ఇవాళ పక్కన కట్టుకుని వస్తే అరుగు మీద ఒక ముసలాయన అన్నాడు: "పార్టీ మారిందా, మనం మారినమా? అడిగితే పై నిర్ణయం అంటున్నరు. పైన అంటే ఎక్కడ్రా, చెట్టు మీదా?" 2009లో భద్రాచలం కాంగ్రెసుకు పోయింది. అన్నేళ్ళ కోట ఒక్క ఓటమితో కూలినట్టు పత్రికల్లో రాశారు. నిజానికి అది ఓటమికి ముందే పునాది దగ్గర నాని ఉంది.

రెండో పగులు పోడు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవాళ్ళకు హక్కు అని రాశారు. ఎర్రజెండా మద్దతుతో ఢిల్లీలో నడుస్తున్న ప్రభుత్వం తెచ్చిన చట్టమే అది. గూడెంలో పండగ చేసుకున్నారు. ఆపైన అర్జీలు, సర్వేలు, తిరస్కరణలు. 2015 నుంచి హరితహారం పేరుతో ఫారెస్టోళ్ళు పోడు చేలల్లో కందకాలు తవ్వి మొక్కలు నాటారు. పార్టీ ధర్నా చేసింది. మళ్ళీ ధర్నా చేసింది. ఒక అమ్మ అన్న మాట నాకింకా గుర్తుంది: "ధర్నాకు పోతే పేపర్ల ఫొటో వస్తంది, పట్టా రాదు బిడ్డా." ఆమెకు ఆ జెండా మీద కోపం లేదు. దానికి బలం మిగల్లేదని తెలిసిపోయింది, అంతే. ప్రేమ ఉన్నచోట నమ్మకం పోవడం కన్నా బాధ ఇంకోటి లేదు.

మూడోది ఎవరూ ఊహించనిది. 2014లో తెలంగాణ వచ్చింది. సీపీఎం ఆంధ్రప్రదేశ్ కలిసి ఉండాలన్న పార్టీ. అయినా భద్రాచలం రాజయ్య గారినే మళ్ళీ గెలిపించింది. ఆయన ప్రమాణం చేసిన కొద్ది వారాలకే, ఆ జులైలో, పోలవరం ప్రాజెక్టు ముంపు పేరు మీద ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలం, ఇలా. ఓటేసిన ఊళ్ళు అటు, వేయించుకున్న ఎమ్మెల్యే ఇటు. 2019లో రాజయ్య గారు అటు వెళ్ళి రంపచోడవరంలో పోటీ చేశారు, ఓడారు. 2020 ఆగస్టులో కరోనా ఆయన్ను తీసుకుపోయింది. మరుసటి ఏడు బొజ్జి గారూ పోయారు. అరుగు మీద ఆ రెండు రోజులూ రాజకీయం మాట్లాడినవాళ్ళు లేరు.

ఎర్రజెండా సంగతే చెబుతున్నానని మిగతావాళ్ళు సంబరపడకండి. మీ లెక్క ఇంకా ఘోరం. 2018లో ఉమ్మడి ఖమ్మం జిల్లా పది స్థానాల్లో అధికారంలో ఉన్న టీఆర్ఎస్‌కు జనం ఒక్కటే ఇచ్చారు. మిగతా తొమ్మిది వేరేవాళ్ళకు. 2021 నాటికి ఆ తొమ్మిదిమందిలో ఏడుగురు టీఆర్ఎస్‌లో ఉన్నారు. జనం వద్దన్న పార్టీకి జనం ఓట్లతోనే ఎనిమిదిమంది. నేను ఇనుప పెట్టెను, నాకే తల తిరిగింది. చెల్లని ఓటును లెక్క గదిలో పక్కన పెడతారు. గెలిచి పార్టీ మారినవాళ్ళను పక్కన పెట్టే బల్ల మాత్రం ఆ గదిలో ఉండదు.

జనం పెట్టుకున్నారు ఆ బల్ల. 2023 జూన్‌లో రాష్ట్రమంతటా 4.06 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచడం మొదలైంది. ఈ జిల్లాలోనూ వేలమందికి అందాయి. అయినా నవంబరు ఎన్నికల్లో ఆ మారినవాళ్ళలో మళ్ళీ నిలబడ్డ ఆరుగురూ ఓడిపోయారు. పట్టా తీసుకున్న చెయ్యే ఓటు వేయలేదు. ఏజెన్సీ జనం పథకానికి లొంగిపోతారని అనుకునేవాళ్ళు ఆ ఫలితాన్ని మళ్ళీ ఒకసారి చదువుకోవాలి.

కమ్యూనిస్టులు అంతకు ముందు ఏడాదే, పోడు మీద తాము కొట్లాడుతున్న టీఆర్ఎస్ ప్రభుత్వానికే, మునుగోడు ఉపఎన్నికలో మద్దతిచ్చారు. 2023లో, అప్పటికి బీఆర్ఎస్ అయిన టీఆర్ఎస్ వాళ్ళు సీట్లు లేవన్నారు. సీపీఐ కాంగ్రెసుతో కలిసి కొత్తగూడెం గెలుచుకుంది. సీపీఎం ఒంటరిగా నిలబడి భద్రాచలంలో పోటీలోనే లేకుండా పోయింది. ముప్పై ఏళ్ళు ఏలిన చోట!

భద్రాచలం మాత్రం 2023లో వింత చేసింది. అంతమంది దూకినా కాంగ్రెసు వదలని ఎమ్మెల్యే పొదెం వీరయ్యను ఓడించి, జిల్లాలో బీఆర్ఎస్‌కు దక్కిన ఒకే ఒక్క సీటు ఇచ్చింది. గెలిచింది ఇక్కడివాళ్ళకు తెలిసిన డాక్టరు. పార్టీని చూడలేదు, మనిషిని చూసి వేశామన్నారు చాలామంది. 2024 ఏప్రిల్‌లో ఆయన కాంగ్రెసు వైపు వెళ్ళారని పత్రికలు రాశాయి. అనర్హత ఫిర్యాదు స్పీకరు దాకా పోయింది. ఆ వార్త చదివిన రోజు అటెండరు నా మీదే కూర్చుని ఉన్నాడు. పేపరు మడిచి, "ఉన్నోడిని ఓడగొడితిమి, పోయెటోడిని గెలిపిస్తిమి" అని నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు.

ఇప్పుడు నాకు పని స్థానిక ఎన్నికలప్పుడే. పంచాయతీ ఎన్నికలకు 2019 జనవరిలో ఒకసారి, 2025 డిసెంబరులో ఇంకోసారి దుమ్ము దులిపారు, కిరోసిన్ గుడ్డతో తుడిచారు. సర్పంచికి గులాబీ కాగితం, వార్డు మెంబరుకు తెల్ల కాగితం. పార్టీ గుర్తులు ఉండవు, ఉంగరమో కత్తెరో ఇస్తారు. ఉంగరం వెనక ఎవరున్నారో ఊరందరికీ తెలుసు, అది వేరే సంగతి. పొద్దున ఓట్లు, మధ్యాహ్నం లెక్క, రాత్రికి సర్పంచి. ఓటేసిన మనిషి ఇంటి ముందు నుంచే గెలిచినవాడు రోజూ నడిచిపోవాలి. మాట తప్పితే దాక్కోవడానికి హైదరాబాదు లేదు. ఈ ఒక్క ఎన్నికలోనే నాకు ఇంకా విలువ ఉందనిపిస్తుంది.

జనం పార్టీలను వదిలేశారని నాయకులు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చూసిన క్రమం వేరు. ముందు పార్టీ ఊరికి రావడం మానేసింది, ఆపైన మాట మీద నిలబడడం మానేసింది, చివరికి జెండా మీద కూడా నిలబడలేదు. జనం అన్నిటికన్నా ఆఖరున కదిలారు. కదిలేముందు ఒకటికి రెండు అవకాశాలు ఇచ్చారు. ఆ సంగతి వాళ్ళ ఓట్లు మోసిన పెట్టెగా నేను సాక్ష్యం చెప్పగలను.

ఒక మాట చెప్పి మూత వేసుకుంటాను. మళ్ళీ ఎవరైనా మీ గుమ్మం ముందుకొచ్చి దండం పెడితే, రోడ్డు వేస్తావా, పట్టా ఇస్తావా అని తర్వాత అడగండి. ముందు ఇది అడగండి: గెలిచాక ఐదేళ్ళూ ఇదే జెండా కింద ఉంటావా? ఉంటానంటే నలుగురి ముందు కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితాన్ని మాత్రం నా కడుపులో వేయకండి. మీ ఇంట్లోనే దాచుకోండి, ఐదేళ్ళకు పనికొస్తుంది.