మారుతీ వ్యాను పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: ఇంటర్ పరీక్షలు ముగిసి, ఇంజనీరింగ్ సీటు ఇంకా రాని సంధికాలంలో ఒక బాలకవి మెకానిక్ షెడ్డులో అమ్మకానికున్న 1996 నాటి మారుతీ ఓమ్ని వ్యానును చూసి మోహించాడు. తండ్రి ఆదివారం భోజనం చేసి మంచం మీద ఒరిగి ప్రసన్నంగా ఉన్న వేళ కనిపెట్టి, ఈ ఆటవెలది విన్నవించాడు.

పాతబండి యనుచు పరిహాస మాడకు
నాన్న, తలుపు జారు నందముగను
మిత్రు లేడుగురము మెసలుటకును చోటు
పెట్రొ లొకటె నీవు పెట్టుమయ్య

ప్రతిపదార్థం: నాన్న = ఓ తండ్రీ (ఏటీఎం కార్డు కలవాడా); పాతబండి అనుచు = ముసలి బండి అని; పరిహాసము ఆడకు = ఎగతాళి చేయకు (ముఖ్యంగా అమ్మ ముందు); తలుపు = పక్క తలుపు; అందముగను = సొగసుగా; జారును = పక్కకు జరుగును (ఊడును అని మెకానిక్కుల వ్యాఖ్య); మిత్రులు ఏడుగురము = స్నేహితులము ఏడుగురము; మెసలుటకును = కదులుటకును; చోటు = స్థలము (కలదు); పెట్రొలు ఒకటె = పెట్రోలు మాత్రమే; నీవు పెట్టుమయ్య = నీవు పోయించుము.

విశేషాలు: మెదక్ జిల్లా కొల్చారం సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి స్వస్థలం. మూలంలో లేనిది రాయకూడదని ఆయన పట్టుదల. ఆ నియమం ఇక్కడ చెల్లదు. ఈ పద్యంలో ముఖ్యమైనదంతా మూలంలో లేనిదే. ‘కొను’ అన్న క్రియ కోసం నాలుగు పాదాలూ గాలించండి, దొరకదు. కొనడం ఎప్పుడో అయిపోయినట్టు, కవి నేరుగా పెట్రోలు బంకు దగ్గర తేలాడు. తండ్రి సరేనన్నా కాదన్నా పెట్రోలు గురించే అవుతుంది.

‘పాత’ దగ్గర ఒక వివాదం. ఇది వింటేజ్ అని కవి పక్షం. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండే వింటేజ్. మారుతీ వ్యాను పుట్టిందే 1984లో. 1988లో ఓమ్ని అయింది. వీటిలో జ్యేష్ఠురాలికైనా 2034 దాకా ఆ యోగం లేదు. పైగా వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. వింటేజ్ అయితే కాలేజీకి పనికిరాదు, కాలేజీకి పనికొస్తే వింటేజ్ కాదు. కవి ఈ సంకటం గమనించినట్టు లేదు.

‘తలుపు జారు’: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. తెలుగు సినిమాలో హీరోయిన్‌ని ఎత్తుకుపోవడానికి విలన్లు ఈ బండినే ఎందుకు వాడేవారంటే, ఈ తలుపు వల్లే. బండి ఆగీ ఆగకముందే తెరుచుకుంటుంది, మనిషి లోపల పడగానే మూసుకుంటుంది. అయితే పాతికేళ్లు దాటిన బండిలో కింది పట్టాలో మట్టి పేరుకుని, రోలర్ అరిగి, తలుపు సగం దాకా వచ్చి మొరాయిస్తుంది. అప్పుడు ఒక చేత్తో పైకెత్తి, భుజంతో నెట్టాలి. ఆ స్థితిలో ఏ కిడ్నాపూ సాగదు. ‘అందముగను’ అన్నది అతిశయోక్తి.

‘ఏడుగురము’: కవితో కలిపి ఏడుగురా, కాకుండానా? కలపకపోతే ఎనిమిది సీట్ల బండికి లెక్క సరిపోతుంది. కలిపితే ఒక సీటు మిగులుతుంది. అది తండ్రికి కాదని మాత్రం రూఢి. ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఎండాకాలం డ్రైవరు కింద పొయ్యి రాజేసినట్టే. ముందు బానెట్ లేనందువల్ల, గుద్దుకుంటే మొదట తగిలేది మోకాళ్లకు. కొత్త భద్రతా నిబంధనల ముందు నిలవలేకే 2019లో దీని తయారీ ఆపేశారు. ఏడుగురు కుర్రాళ్లను ఎక్కించే ముందు తండ్రి తలచుకోవలసింది ఈ పాదమే, నాలుగోది కాదు.

‘పెట్రొ లొకటె’: పెట్రోలు హ్రస్వమవడం ఛందస్సు కోసం, బిల్లులో దీర్ఘమే ఉంటుంది. ‘ఒకటె’ అన్న ఏవకారంతో ఇన్సూరెన్సు, గ్రీన్ ట్యాక్స్, 15 ఏళ్లు నిండాక అయిదేళ్లకోసారి చేయించాల్సిన రిజిస్ట్రేషన్ రెన్యువల్, కార్బురేటర్ సర్వీసు అన్నీ తెర వెనక్కి పోయాయి. దీన్నే పూర్వులు ధ్వని అన్నారు.

కవికాల నిర్ణయం: ఇది పండితుల సరదా కాదు. కవికి 18 నిండకుండా స్టీరింగ్ పడితే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం బండి అప్పగించిన తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. కవికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు.

తాత్పర్యం: నాన్నా, డబ్బంతా నీది, బండి నాది.

తండ్రులకు మనవి: పద్యం బాగుందని మెచ్చుకోండి, తప్పులేదు. షెడ్డుకు మాత్రం వెంట ఒక అయస్కాంతం పట్టుకెళ్లండి. తలుపుల కింది అంచుకు అది అంటుకోకపోతే, లోపల ఉన్నది ఇనుము కాదు, తుప్పు మీద పూసిన పుట్టీ. ఇంజన్ స్టార్ట్ చేయించి, వెనక సైలెన్సర్ నుంచి పొగ నీలంగా వస్తోందేమో చూడండి; వస్తే ఆయిల్ తాగుతున్నట్టే. ఆర్‌సీ గడువు మీ కళ్లతో చదవండి. అంతవరకు బయానా ఇవ్వకండి.