హార్డ్‌డిస్కు బాబాయి

గుంటూరు, ఒంగోలు పట్టణాల మధ్యతరగతి బంధువర్గాలను కాస్త పరిశీలించినవారికి, ఇంటి కంప్యూటరును మార్చడానికి ససేమిరా ఒప్పుకోక, దానిలో చోటు మాత్రం పెంచుకుంటూపోయే బాబాయి ఒకరు తప్పక తారసపడతారు. ఆయన ఒకప్పుడు మిర్చి కమిషన్ కొట్టులో లెక్కలు రాసినవారో, బడిపంతులుగా రిటైరైనవారో కావచ్చు గాని, ఆయన యంత్రం మాత్రం 2006 ప్రాంతంలో విడిభాగాలు కొని బిగించిన 'అసెంబుల్డ్' సరుకే, 80 జీబీ హార్డ్‌డిస్కుతో, అనగా అయస్కాంతపు పూత పూసిన పళ్లేలు గిరగిర తిరుగుతూ సమాచారాన్ని భద్రపరిచే డబ్బీతో, ఇంటికి వచ్చినదే.

ఆ డబ్బీ నిండిపోవడానికి మూలకారణం, ఒకసారి లోపలికి వెళ్లినదేదీ ఆయన అనుమతితో బయటికి రాకపోవడమే. పెద్దమ్మాయి ఓణీల వేడుక, ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలు, కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలు, పట్టాదారు పాసుపుస్తకాల నకళ్లు, ఎన్నడో అమ్ముడుపోయిన మిర్చికి సంబంధించిన కోల్డు స్టోరేజీ రసీదులు, ఇవన్నీ 'న్యూ ఫోల్డర్'లో ఒకసారి, 'ముఖ్యం'లో ఒకసారి, 'అతిముఖ్యం'లో మరొకసారి కొలువుతీరి ఉంటాయి. 'అతిముఖ్యం' తెరిస్తే ముందుగా కనిపించేవి వాట్సాప్ శుభోదయాలు.

అది నిండగానే బాబాయి పక్కన రెండో డిస్కు బిగించేవారు. ఆ కాలపు ఐడీఈ పద్ధతిలో రెండు డిస్కులు ఒకే పట్టీ తీగను పంచుకునేవి కనుక, వాటిలో ఏది మాస్టరో ఏది స్లేవో 'జంపర్' అనే, గోటికి కూడా చిక్కని ప్లాస్టిక్ తొడుగు స్థానాన్ని బట్టి నిర్ణయమయ్యేది. బాబాయి రెండింటినీ మాస్టర్లను చేసి, యంత్రం దేనినీ గుర్తించకపోయేసరికి మళ్లీ విప్పి, ఆ తొడుగును జారవిడిచి, "ఎవరూ చీపురు ముట్టుకోకండి!" అని కేకవేసి, ఇంటిల్లిపాదినీ టార్చిలైటుతో మంచం కిందికి పంపేవారు. 2003లో వచ్చిన సాటా పద్ధతి డిస్కుకొక తీగను కేటాయించి ఈ తగవును తీర్చినప్పటికీ, ఆయన మాత్రం పాత జంపర్లను కవరులో వేసి బీరువాలో దాచారు. కేబినెట్టు పక్క మూత అప్పుడు తీసినదే, "ఏవండీ, ఆ మూత ఎప్పటికి పెడతారు?" అన్న పిన్నిగారి ప్రశ్న ఏళ్ల తరబడి పెండింగులో ఉన్నది.

ఒక టీబీ డిస్కు కొన్ననాడు అసలైన రభస జరుగుతుంది. తెర మీద 931 జీబీ అని చూడగానే, మిర్చి యార్డులో తరుగు పేరిట బస్తాకింత కోసే తూకం చూసి పండిపోయిన ఆయన, డిస్కును సంచిలో వేసుకుని సరాసరి గుంటూరు అరండల్‌పేటలోని కంప్యూటరు కొట్టుకు వెళ్లి, "తరుగు ఇంతా?" అని నిలదీస్తారు. తయారీదారు వెయ్యేసి చొప్పున లెక్కించిన చోటునే విండోస్ 1,024 చొప్పున లెక్కించి చూపుతుందనీ, ఒక్క బైటు కూడా పోలేదనీ కుర్రవాడు కాగితం మీద భాగహారం చేసి చూపగా, లెక్కలో తప్పు పట్టలేక, తరుగు ఉన్నదన్న నమ్మకమూ వదలలేక, ఆయన నష్టపరిహారంగా ఒక సాటా తీగను ఉచితంగా పుచ్చుకుని వస్తారు.

ఇంతా చేసి, చోటు పెరిగితే వేగం పెరుగుతుందన్నది ఆయన సిద్ధాంతం. సి డ్రైవు పూర్తిగా నిండితే యంత్రం మందగిస్తుందన్నంతవరకు అందులో నిజమున్నది గాని, వేగానికి అసలు మందు, తిరిగే భాగాలేవీ లేకుండా చిప్పుల్లోనే సమాచారాన్ని నిలిపే ఎస్ఎస్‌డీ. చప్పుడు చేయని వస్తువు పనిచేస్తున్నదని నమ్మేదెట్లాగన్నది దానిపై ఆయన అభ్యంతరం.

అయినా, బ్యాంకు అప్పుకో పొలం సరిహద్దు తగవుకో తాతగారి నాటి దస్తావేజు నకలు కావలసినప్పుడు, బంధువులంతా ఆయన ఇంటికే వెళ్తారు. ఆయన రెండు గంటలు వెతికి, కాఫీ ఇప్పించి, దానిని పట్టుకుని తీరుతారు, పట్టుకున్నాక ఆ ఒక్క కాగితమే ఇవ్వడానికి మనసొప్పక గిత్తల పందేలు కూడా పెన్‌డ్రైవులో ఎక్కించబోయి, అది సగంలో నిండిపోతే, "64 జీబీ ఏ మూలకురా! పెద్దది కొనుక్కురా" అని వచ్చినవాడిని మళ్లీ బజారుకు పంపుతారు.