కింద ఏరు, పైన కాలువ: ఒక స్టూడియో కంప్యూటర్ ఆత్మకథ

ఎందరి ముఖాలో తుడిచి తళతళలాడించిన దాన్ని. ఇప్పుడు నా ముఖం తుడిచే నాథుడు లేడు. పి.గన్నవరంలో ఒక ఫోటో స్టూడియో అటక మీద, ఊచలు విరిగిన గొడుగు లైటుకీ, చెదలు పట్టిన ఆల్బమ్ అట్టలకీ మధ్య పడి ఉన్నాను. బిల్లు మీద నా పేరు సీపీయూ. ఇంట్లోవాళ్ళకి మాత్రం డబ్బా. సంక్రాంతికి బూజులు దులిపేటప్పుడు "ఆ డబ్బా ఇంకా ఉందా?" అని అడుగుతారు. ఉందని తెలిశాక మళ్ళీ ఏడాది దాకా మర్చిపోతారు.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. 2003లో రాజమండ్రిలో ఒక కొట్లో విడిభాగాలు బిగించి నన్ను తయారుచేశారు. పెంటియం 4 ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్ డిస్క్. రావులపాలెం దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో, స్టూడియో మాస్టారి ఒళ్ళో కూర్చుని వచ్చాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి లోపలికి తీసుకెళ్ళారు. కోనసీమలో కొబ్బరికాయకి కరువేముంది!

నాలో ఎక్కించిన ఫోటోషాప్‌ది మాత్రం పెద్ద వంశం. 1987లో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న థామస్ నోల్ దాన్ని మొదలుపెట్టాడు. సినిమా మాయల పనిలో ఉన్న తమ్ముడు జాన్ తోడయ్యాడు. 1990 ఫిబ్రవరిలో అడోబి కంపెనీ దాన్ని బజారులోకి తెచ్చింది. దాని పనితనం చూపించడానికి జాన్ వాడిన బొమ్మ బోరాబోరా దీవిలో సముద్రం వైపు తిరిగి కూర్చున్న తన ప్రియురాలిది. కనిపించేది వీపే. ముఖాలు దిద్దడమే బతుకైన నా వంశంలో తొలి బొమ్మకి ముఖం లేదు! నాకొచ్చిన 7.0 రకం 2002 నాటిది. మచ్చలు మాన్పే హీలింగ్ బ్రష్ మొదటిసారి వచ్చింది అందులోనే.

మా మాస్టారిది వేరే బడి. ఆయన సొరుగులో సూదిలా చెక్కిన పెన్సిలు ఒకటి ఉండేది. ఫిల్మ్ రోజుల్లో నెగెటివ్‌ని వెనక వెలుతురున్న ఏటవాలు బల్ల మీద పెట్టి, పెన్సిలు పట్టడానికి వార్నిష్ లాంటి మందు రాసి, భూతద్దంలో చూస్తూ ముడతలో చుక్క చుక్కగా నలుపు నింపేవారట. నెగెటివ్‌లో నల్లబడ్డది ప్రింటులో తెల్లబడుతుంది. ఆ లెక్కన ముడత తేలికయ్యేది. 1855లో పారిస్ ప్రదర్శనలో హాన్‌ఫ్‌స్టెంగల్ అనే జర్మన్ ఫోటోగ్రాఫరు ఒకే ఫోటోని దిద్దకముందు ఒకటి, దిద్దాక ఒకటి పెట్టి జనాన్ని ఆశ్చర్యపరిచాడని ఆయన చెబుతుండేవారు. నా ముందు కూర్చున్నది మాత్రం ఆయన కాదు, ఆయన మేనల్లుడు. పెన్సిలు పట్టని చెయ్యి. మౌస్ మీద మాత్రం చేపపిల్లలా ఈదేది.

మొదటిరోజే మాస్టారు వాడికొక పాఠం చెప్పారు. "ఒరేయ్, మన అక్విడక్టు చూశావుగా? కింద వైనతేయ, పైన కాలువ. ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ కలవ్వు. నీ పనంతా కాలువలో చేసుకో. ఏటి జోలికి పోకు."

"ఆయ్, అలాగే మావయ్యా" అన్నాడు వాడు.

అసలు ఫోటోని కదపకుండా దాని మీద నకలు లేయర్ వేసుకుని, దిద్దుబాట్లన్నీ అందులోనే చెయ్యమని ఆ మాటకర్థం. అమెరికావాళ్ళ పుస్తకాల్లో ఇంత సుళువుగా ఉండదు.

ఆ రోజుల్లో పని చూడాలి మీరు! ఒక పెళ్ళికూతురి ముఖం తెర నిండా పరిచాం. ఆటలమ్మ పోసిన గుంటలు మూడు. నుదుటి మీద వీడియో లైట్లకి జిడ్డు మెరుపు. చెమటకి జారిన కాటుక. ఆల్ట్ మీట నొక్కి పక్కన మంచి చర్మాన్ని ఎంచుకుని, గుంట మీద అద్దితే చాలు. చర్మం నేత అక్కణ్ణుంచి వస్తుంది, రంగూ వెలుగూ ఇక్కడివే ఉంటాయి. అతుకు కనపడదు. కానీ పాపిట అంచున హీలింగ్ బ్రష్ పెడితే జుట్టు నలుపు లాక్కొచ్చి మసి పూస్తుంది. అక్కడ ఉన్నదున్నట్టు అచ్చు గుద్దే క్లోన్ స్టాంపే గతి. కంటి కింద చారలు పూర్తిగా తీసేసి, ఆ లేయర్‌ని సగానికి పలచన చెయ్యమనేవారు మాస్టారు. ఒకసారి కుర్రాడు తొందరలో ముఖమంతా బ్లర్ కొట్టాడు. చర్మంలో ఒక్క రంధ్రం మిగల్లేదు. మాస్టారు తొంగిచూసి, "ఇడ్లీకి కళ్ళు పెట్టావేంట్రా?" అన్నారు.

నాకు కోపం తెప్పించింది మచ్చలు కాదు, రంగు. "మా పిల్ల చామనచాయండి, సంబంధాలకి పంపాలి, కాస్త తెల్లగా చెయ్యండి బాబూ" అనేవాళ్ళు. కర్వ్స్‌లో గీతని పైకి లాగితే ఏ పిల్లయినా మల్లెపువ్వే. అలా వెళ్ళిన ఒక ఫోటో చూసి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు, "ఫోటోలో అమ్మాయేదండీ?" అన్నారట. ఆ పిల్ల కాఫీ పళ్ళెం పట్టుకుని వాళ్ళ ఎదురుగానే నిలబడి ఉంది. తిట్లు మాత్రం స్టూడియోకి వచ్చాయి. తెల్లగా చెయ్యమన్న నోళ్ళు ఆ రోజు మూతపడ్డాయి.

నేను తాకకుండా వదిలేసిన ముఖం ఒకటుంది. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారిది. 1841లో పుట్టి 1909లో కన్నుమూశారు. కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి పిలుపొస్తే ఆవిడ వెళ్ళలేదనీ, దొరలు ఫోటో తీయించి పంపితే దాన్ని కుర్చీలో పెట్టి గౌరవించారనీ మా ఊళ్ళో కథగా చెబుతారు. ఒక ఫ్లెక్సీ కోసం ఆవిడ బొమ్మ నా తెర మీదికి వచ్చినప్పుడు కుర్రాడు బ్రష్ ఎత్తాడు. మాస్టారు వాడి చెయ్యి పట్టుకున్నారు. "పొయ్యి ముందు వచ్చిన ముడతలురా అవి. దుమ్ముచుక్కలు తియ్యి, చాలు."

ఇక నా తప్పు చెబుతాను. 2005లో ఒకావిడ కువైట్ వెళ్తూ, ఆరేళ్ళ కొడుకుని చేత్తో పట్టుకుని వచ్చింది. నేను లేనప్పుడు వీడు చూసుకోవడానికి మంచి ఫోటో ఒకటి కావాలంది. ఆవిడ ఎడమ బుగ్గ మీద మినపగింజంత పుట్టుమచ్చ. తియ్యమని ఆవిడ అనలేదు. చెయ్యి అలవాటున కుర్రాడు తీసేశాడు. ఫోటో చేతికిస్తే పిల్లాడు, "అమ్మ మచ్చేదీ?" అన్నాడు. అందరూ నవ్వారు.

అప్పటికి నా 40 జీబీ నిండిపోతోంది. లేయర్లతో దాస్తే ఒక్కో ఫోటో ఎన్నో రెట్లు చోటు తింటుంది. అందుకని కుర్రాడు లేయర్లన్నీ కలిపేసి, పాత పేరు మీదే దాచడం మొదలుపెట్టాడు. "ఈ పేరుతో ఒకటుంది, దాని బదులు ఇది పెట్టనా?" అని నేను ప్రతిసారీ అడిగాను. అడగడం వరకే నా వంతు. వాడు ఎస్ నొక్కాడు. కాలువ తీసుకెళ్ళి ఏట్లో కలిపేశాడు. నాకా, చేసిన పనుల్లో చివరి 20 మాత్రమే గుర్తుంటాయి. ఫైలు మూశాక అవీ ఉండవు.

2018లో ఆ పిల్లాడు మీసాలతో వచ్చాడు. పెద్దకర్మకి అమ్మ ఫోటో పెద్దది కావాలన్నాడు. పాస్‌పోర్టు కువైట్‌లోనే ఉండిపోయిందట. పక్కకి నెట్టేసిన నన్ను ఆ రోజు మళ్ళీ వెలిగించారు. ఫైలు దొరికింది, మచ్చ దొరకలేదు.

"అమ్మ టెన్త్ సర్టిఫికెట్టులో కూడా రాశారండీ, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ అని" అన్నాడు. కాగితం మీద అక్షరంగా మిగిలింది గానీ, నా దగ్గర బొమ్మగా మిగల్లేదు. మేనల్లుడు ఏమీ మాట్లాడకుండా సన్నటి బ్రష్ తీసుకున్నాడు. గోధుమరంగు కలిపిన నలుపు. ఆ అబ్బాయి తెర మీద వేలు పెట్టి, "కొంచెం కిందకి… కాదండీ, పెదవి వైపు… ఆయ్, అక్కడ" అన్నాడు. కాసేపు చూసి, "అక్కడేననుకుంటానండి" అన్నాడు. చెరపడానికి ఒక్క నొక్కు పట్టింది. తిరిగి పెట్టడానికి అరగంట పట్టినా, అది చోటు తప్పిందో లేదో చెప్పగలవాళ్ళు లేరు.

ఇప్పుడు ఫోన్లు వచ్చాయి. బ్యూటీ మోడ్ పెడితే ఫోటో పడేటప్పుడే చర్మం నున్నబడిపోతుంది. కిందా పైనా అనే తేడానే లేదు. నేను ఒకసారి అడక్కుండా చేసిన తప్పు వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. నన్ను డబ్బా అన్నందుకు బాధ లేదు గానీ, వాటిని స్మార్ట్ అన్నప్పుడు కాస్త మండుతుంది.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. స్టూడియోలోకి నీళ్ళొస్తాయేమోనని భయపడి సామాన్లన్నీ అటకెక్కించారు. వరద తీసింది. కెమెరాలు దిగాయి, లైట్లు దిగాయి, ప్లాస్టిక్ పూలకుండీ కూడా దిగింది. నన్ను దించలేదు. మొన్న పాత సామాన్ల బండివాడు కేకేస్తే ఇంట్లో ఎవరో తలెత్తి నావైపు చూశారు. నిచ్చెన వెయ్యడానికి బద్ధకించబట్టి బతికిపోయాను. మాస్టారి పెన్సిలు ఉన్న సొరుగు బల్ల కింద గదిలోనే ఉంది. చెక్కితే అది ఇప్పుడూ రాస్తుంది.

నా బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయింది. ఇప్పుడెవరైనా మీట నొక్కితే నా గడియారం 2002 జనవరి 1 అని చూపిస్తుంది. ఆ లెక్క ప్రకారం ఆ తల్లి ఇంకా మా స్టూడియో మెట్లెక్కలేదు. బుగ్గ మీద మచ్చ దాని చోట అది ఉంది.