ఉద్యాన సందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం

“ఈ ఆదివారం అందరం ఏదైనా మంచి పార్కుకి వెళ్దాం. చెట్లుండాలి, నీళ్లుండాలి, మరీ దూరం వద్దు. పదింటికల్లా బయల్దేరాలి. పులిహోర అమ్మ చేస్తుంది.”

అవతారిక

కార్తీకమాసంలో ఒక గురువారం రాత్రి భోజనాలయ్యాక, కూకట్‌పల్లిలో సోఫా మీద వెల్లకిలా పడుకుని, మా అన్నయ్య ఈ నాలుగు వాక్యాల గ్రంథాన్ని ఇంటి వాట్సాప్ గ్రూపులో వెలువరించాడు. పైకి తేలిగ్గానే కనిపిస్తుంది. గ్రూపులో ఉన్న ఎనిమిది మందీ చదివి తొమ్మిది రకాలుగా అర్థం చేసుకున్నాక, దీనికి వ్యాఖ్యానం తప్పదని తేలింది.

మేఘసందేశానికి ‘సంజీవని’ రాసిన మల్లినాథసూరి మన మెదక్ వైపు కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. నాకు ఆ రెండు నియమాలూ లేవు. ఉంటే ఈ వ్యాఖ్య ఇక్కడే ముగిసేది.

గ్రంథమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పాలి కాబట్టి: అధికారి, ఆదివారం సెలవున్నవాడు. విషయం, పార్కు. ప్రయోజనం, పిల్లల చేతుల్లోంచి ఫోను జారడం. సంబంధం, కారు ఎవరు తీస్తారన్నది.

ప్రతిపదార్థం

ఈ ఆదివారం = ఎల్లుండి కాక ఆవలెల్లుండి. పిన్ని మాత్రం ‘ఏదో ఒక ఆదివారం’ అని అన్వయించుకుని ఆ రోజుకి పేరంటం ఒప్పుకుంది.

అందరం = పెద్దలు ఎనిమిది, పిల్లలు ముగ్గురు, వెరసి పదకొండు; కార్లు రెండు. ఈ లెక్క సరిపోదని మూలకారుడికి తెలుసు. అందుకే అంకె వేయలేదు.

ఏదైనా = ఇది వెతికే పని ఎదుటివాళ్లకి అప్పగించే సర్వనామం. ఏదైనా అన్నవాడికి ఏదీ నచ్చదని వ్యాప్తి. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నట్టే.

మంచి = అమ్మకి కూర్చోడానికి బెంచీ ఉన్నది; వదినకి బాత్రూం శుభ్రంగా ఉన్నది; పిల్లలకి జారుడుబల్ల ఉన్నది; మా ఆవిడకి ఫొటో బాగా వచ్చేది; అన్నయ్యకి కారు పెట్టుకోవడానికి చోటున్నది. ఒకే వస్తువు చూసేవాళ్లని బట్టి పలు విధాలుగా తోస్తే దాన్ని ఉల్లేఖాలంకారం అంటారు. ఇంట్లో దీన్ని గొడవ అంటారు.

వెళ్దాం = ఇందులో ‘దాం’ అన్న ప్రత్యయాన్ని చదువరులు గుర్తుంచుకోవాలి. తెలుగులో ‘మేం’ వేరు, ‘మనం’ వేరు. ‘దాం’ ఎప్పుడూ మనలోనిదే, కాబట్టి అన్నవాడికీ విన్నవాడికీ తప్పించుకునే వీల్లేదు. దీనికి అపవాదం ఒకటుంది, చివర చెబుతాను.

నీళ్లు = శ్లేష. చూసేవి, తాగేవి.

మరీ దూరం = ఎక్కణ్ణుంచి? పంచమీ విభక్తి లోపించింది. అన్నయ్యది కూకట్‌పల్లి, బాబాయిది మలక్‌పేట, అమ్మా మేమూ ఉండేది మారేడ్‌పల్లి. ముగ్గురికీ ‘మరీ దూరం కానిది’ గీత గీసి చూస్తే హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడి దగ్గర తేలుతుంది.

పదింటికల్లా = దీన్ని వాచ్యార్థంగా తీసుకోరాదు. ‘గంగలో పల్లె’ అంటే గంగ ఒడ్డున పల్లె అని ఆలంకారికులు చెప్పినట్టే, ఇక్కడ ‘పది’ తన అర్థాన్ని పూర్తిగా వదులుకుని పదకొండుంబావు ఒడ్డున నిలబడుతుంది. జహల్లక్షణ.

గ్రంథపాతం

నాలుగో వాక్యం కిందనే వదిన పేరు మీద ఒక పంక్తి ఉంది. ఇప్పుడు లభిస్తున్న ప్రతుల్లో అక్కడ ‘ఈ సందేశం తొలగించబడింది’ అని మాత్రమే కనిపిస్తోంది. తొలగక ముందు చదివానని మా ఆవిడ అంటుంది, ఏముందో చెప్పదు. “ఆ పులిహోరేదో మీరే చేయొచ్చుగా” అన్నది ఉచితమైన పాఠమని నా ఊహ.

పూర్వపక్షాలు

బాబాయి పక్షం: పబ్లిక్ గార్డెన్స్. నాంపల్లిలో నిజాముల నాటి తోట. అసెంబ్లీ, జూబిలీ హాలు, మ్యూజియం అన్నీ ఒక్క ఆవరణలో. దాని పాతపేరు ‘బాగే ఆం’ అని ఆయన సెలవిచ్చేసరికి, స్కూల్లో హిందీ చదువుతున్న మా పాప మామిడితోట అనుకుని సంచీ వెతుక్కుంది. ‘ఆం’ అంటే ఇక్కడ జనసామాన్యం అని చెప్పాక ఆ పక్షానికున్న ఒకే ఒక్క పిల్లల ఓటు పోయింది. మొండిగా ఆయన గండిపేట అన్నాడు. 1908లో మూసీ వరద ఊరిని ముంచాక, మళ్లీ ముంచకుండా 1920 నాటికి కట్టిన చెరువు. ఆయన కాలేజీ రోజుల్లో పిక్నిక్ అంటే గండిపేటే. ‘మరీ దూరం’ అన్న పదంతోనే ఇది ఖండితం.

మా ఆవిడ పక్షం: కేబీఆర్ పార్కు. చెట్లున్నాయి, నెమళ్లున్నాయి. కానీ 1998 నుంచి అది జాతీయ ఉద్యానం. తిన్నది అరిగించుకునేవాళ్లు నడిచే చోట చాప పరిచి తినడానికి కూర్చోవడం వైరి సమాసం.

పిల్లల పక్షం: జూ. 1963లో తెరిచిన నాటి నుంచి ఈ పక్షం ప్రతి ఇంట్లోనూ బలమైనదే. పక్కనే మీరాలం చెరువు, కమానుల ఆనకట్ట. అయితే 380 ఎకరాలు. అమ్మ మోకాళ్లు 380 ఎకరాలవి కావు.

పిన్ని పక్షం: లుంబినీ పార్కు. నీళ్లకి లోటు లేదు, బోటెక్కితే బుద్ధుడు. మిట్టమధ్యాహ్నం పదకొండు మంది చాపకి నీడే చూపించమంటే ఆవిడ మాట్లాడలేదు.

ఇక ఇందిరా పార్కు. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. 76 ఎకరాలు, పెద్ద పెద్ద చెట్లు, బండరాళ్లు, దోమలగూడ కాబట్టి దూరమూ కాదు. మూలంలోని విశేషణాలన్నీ దాదాపు పొసగుతాయి. అయినా మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. కారణం, యోగార్థాన్ని రూఢ్యర్థం మింగేసింది. పంకంలో పుట్టినవి ఎన్నున్నా పంకజమంటే తామర ఒక్కటే అయినట్టు, పేపరు చదివే తెలుగువాడికి ఇందిరా పార్కు అంటే ధర్నా. మా బాబాయి యూనియన్ మనిషి. పెన్షన్ కోసం, డీఏ బకాయిల కోసం, ఇంకెవరి కోసమో, ఆ రోడ్డు మీద టెంటు కింద కూర్చున్న రోజులు ఆయనకే లెక్క తెలియవు. గేటు లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు. “లోపల పార్కుంటుందా?” అని గ్రూపులో అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

సిద్ధాంతం

సంజీవయ్య పార్కు. దామోదరం సంజీవయ్యగారి పేరు మీద సాగర్ ఉత్తరపు గట్టున ఉన్నది. చెట్లు, పచ్చిక, ఎదురుగా నీళ్లు. కార్లు చాలకపోతే దాని పేరుతోనే ఎంఎంటీఎస్ స్టేషనుంది. బాబాయి దారి తప్పడానికీ వీల్లేదు. అక్కడి జెండా స్తంభం ఎత్తు 291 అడుగులు, 2016 జూన్ 2 నుంచి చుట్టుపక్కల ఎక్కణ్ణుంచైనా తలెత్తితే ఆనవాలు. నీళ్ల విషయంలో శ్లేషని మాత్రం విడగొట్టుకోవాలి: ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటి ఈ చెరువు ఇప్పుడు చూసేందుకే, అదీ గాలి అటు వీస్తున్నప్పుడు. తాగేవి ఇంటినుంచి తెచ్చుకోవాలి. సంజీవనీ వ్యాఖ్యాతని తలుచుకుని మొదలుపెట్టి సంజీవయ్య పార్కులో తేలడం నా ప్రతిభ కాదు, కాకతాళీయం.

విశేషం

‘చెట్లుండాలి’ అని మూలకారుడు బహువచనం వేశాడు. అమ్మ దాన్ని ఏకవచనంగా చదివింది. కార్తీకంలో చెట్టంటే ఉసిరి. దాని కింద తింటే వనభోజనం, లేకపోతే ఎండలో అన్నం. ఆ పార్కులో ఉసిరిచెట్టు ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. వదిన కుండీలో ఉన్న ఉసిరి మొక్కని ఒళ్లో పెట్టుకుని తెస్తానంది. అది మోకాలెత్తు. దాని కింద కూర్చోవాలంటే పడుకోవాలి. పక్కన పెట్టుకుంటే చాలునని అమ్మ ఒప్పుకుంది.

కారు పెట్టుకునే చోటు గురించి అన్నయ్య పట్టుదలని అందరూ ఎగతాళి చేశారు గానీ, దానికి పురాణ ప్రమాణముంది. భాగవతం దశమస్కంధంలో గోపబాలకులు చల్దులు తిన్న ఘట్టం తెలుగువాళ్లందరికీ తెలుసు. పోతన వేళ్ల సందుల్లో ఊరగాయ పెట్టించిన చోటు. ఆ చోటు ఎంచినవాడు సాక్షాత్తూ కృష్ణుడు. యమున ఒడ్డు, మెత్తని ఇసుక, తాగడానికి నీళ్లు, దూడలకి దగ్గర్లోనే పచ్చిక. అంటే నీళ్లు, నీడ, కూర్చునే చోటు, బండి పెట్టే చోటు. ఇన్ని చూసుకున్నా ఏమైంది? తినే సందట్లో దూడలు అడవిలోకి పోయాయి. తినడం ఆపొద్దని మిగతావాళ్లకి చెప్పి, చేతిలో చద్దిముద్దతోనే స్వామి వెతకబోయాడు. దూడల్ని మాయం చేసింది బ్రహ్మదేవుడు. వెతకడానికి పోయినవాడు తిరిగొచ్చేసరికి ఇక్కడి పిల్లలూ లేరు. బండి కంటికి కనపడేలా పెట్టుకోవాలని, దాన్ని చూడ్డానికి వెళ్లేటప్పుడు పిల్లల్ని ఎవరికైనా అప్పగించాలని ఇందులో విధి. మా అన్నయ్యకి భాగవతం తెలియదు. కిందటేడు ఒక పార్కు బయట నుంచి కారుని లాక్కుపోయారు, అంతే.

తాత్పర్యం

నాలుగో వాక్యమే ప్రధానం. మిగతా మూడూ దానికి ఉపోద్ఘాతం. ‘పులిహోర అమ్మ చేస్తుంది.’ కర్త అమ్మ. క్రియ భవిష్యదర్థకం, ప్రథమ పురుష. అంటే గ్రూపులోనే ఉన్న మనిషి గురించి, లేని మనిషి గురించి చెప్పినట్టు చెప్పడం. కర్తని ఎవరూ అడగలేదు. ఇది వ్రాతప్రతులన్నింట్లోనూ ఏకాభిప్రాయం ఉన్న ఒకే విషయం.

శుక్రవారమంతా పార్కుల మీద వాదం నడిచింది. అమ్మ చదువుతోందని నీలం టిక్కులు చెబుతూనే ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం ఆవిడ ఒక్క పదం పెట్టింది.

“చూద్దాం.”

ఇదే నేను చెప్పిన అపవాదం. ప్రత్యయం అదే ‘దాం’. మనందరినీ కలుపుకోవాల్సిందే. కానీ పెద్దవాళ్లు పలికే ‘చూద్దాం’కి వాచ్యార్థం చూడటం, లక్ష్యార్థం వాయిదా, వ్యంగ్యార్థం ‘వెళ్లట్లేదు’. గ్రూపు చల్లబడిపోయింది. అన్నయ్య వేరే ఆదివారం చూసుకుందామని పెట్టాడు. పిన్ని పేరంటం ఖాయం చేసుకుంది. నేను కూడా ధ్వనినే నమ్మి, ఈ వ్యాఖ్యని అక్కడితో ముగించి పడుకున్నాను.

రాత్రి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తే, పొయ్యి పక్కన పెద్ద గిన్నెలో చింతపండు నానుతోంది. మూత తీసి చూశాను. పదకొండు మందికి సరిపడా ఉంది. పక్కనే చాప, చుట్టి, తాడు కట్టి ఉంది.

స్పష్టం.