ఇంటర్వెల్ ఇంజినీరు

సైన్సు సినిమా ఎట్లా ఉందో నగరాల సమీక్షకుల్ని అడగడం దండగ. గ్రాఫిక్సు హాలీవుడ్‌కు దీటుగా ఉన్నాయనో లేవనో చెప్పి, చుక్కలు లెక్కబెట్టి ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అడగాల్సిన మనిషి థానే నుంచి భివండి పోయే దారిలో, కాల్హేర్ గోదాముల వెనక అద్దెగదిలో ఉంటాడు. తెలంగాణ జిల్లాల నుంచి తాతల కాలంలోనే సాంచాల (మరమగ్గాల) వెంట వచ్చిన పద్మశాలీ కుటుంబాల్లోని వాడు. కూడు పెట్టేది సాంచాల మరమ్మతు. పేరు తెచ్చేది మాత్రం ఇంటర్వెల్లో సమోసా చేతబట్టి సినిమాకు చేసే మరమ్మతు. తోటివాళ్ళు తిక్కమనిషి అంటారు. మనకున్న సైన్సు సినిమా విమర్శకుల్లో నికరమైనవాడు అతనే అంటాను నేను.

2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ' సంగతే తీసుకుందాం. నాగ్ అశ్విన్ చూపించిన కాశీలో గంగ ఎండిపోయింది. పైన తలకిందులైన పిరమిడ్‌లా కాంప్లెక్స్, కింద తుక్కు మధ్య జనం. హాలంతా నోరు తెరుచుకుని పైకి చూస్తే మనవాడు తుక్కును చూస్తాడు. అది అతనికి బాగా తెలిసిన సరుకు. 1982 మిల్లు సమ్మె తర్వాత బొంబాయి నేతపని భివండికి మళ్ళి, ఊరు సాంచాలతో నిండింది. ఇప్పుడు గిట్టుబాటు కాక అవే సాంచాలు కిలోల లెక్కన తూకానికి పోతున్నాయి. కాబట్టి కాశీ సెట్టుకు అతను మొదటి అయిదు నిమిషాల్లోనే పాస్ మార్కులు వేసేశాడు. కాంప్లెక్స్ కూడా అతన్ని పెద్దగా అదరగొట్టలేదు. థానే–భివండి–కల్యాణ్ మెట్రో ఐదో లైనులో కాల్హేర్ ఒక స్టేషను. నెత్తిమీద కాంక్రీటు దారి, కింద గుంతల్లో లారీల వరస చూసేవాడికి పై లోకం, కింది లోకం అంటే విడమరిచి చెప్పాలా? మిలియన్ యూనిట్లు కూడబెట్టి పైకి పోవాలని ప్రభాస్ వేసిన భైరవ తంటాలు పడటం కూడా వెంటనే అర్థమైంది. మీటరుకు ఇన్ని పైసలని కూలి లెక్క చూసుకునేవాళ్ళ మధ్య పెరిగాడు మరి. అతని మొదటి పేచీ భైరవ బండి బుజ్జితో. మహీంద్రా వాళ్ళూ, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ వాళ్ళూ కలిసి నిజంగా నడిచేటట్టు తయారుచేసిన ఆ బండి ఆరు టన్నులు, మూడు చక్రాలు. జనం ఈలలు వేస్తుంటే ఇతని గొంతు లేస్తుంది: "తమ్మీ, గా ఎన్క చక్రం బేరింగు పోతే ఎట్ల దించుతరు? ఆరు టన్నులకు జాకీ యాడ పెడ్తరు?" పక్కవాడికి మాత్రమే చెప్పాననుకుంటాడు. సాంచాల చప్పుడులో పన్నెండు గంటల షిఫ్టులు చేసినవాడి గుసగుస బాల్కనీ దాకా వినిపిస్తుంది.

ఇది తప్పులెన్నే బుద్ధి కాదా అంటే, కాదు. సాంచాలో పేకపోగు అందుతోందా లేదా అని తడిమి చూసే చిన్న ఇనుప ఫోర్కు ఒకటి ఉంటుంది. పోగు తెగిందంటే దాని దెబ్బకు సాంచా టక్కున ఆగిపోవాలి. ఆగకపోతే బట్టలో పేక లేని సందు పడుతుంది, ఆ నష్టం కూలిలో కోతగా తేలుతుంది. చెడిపోవడం తెలియని యంత్రాన్ని అతను నమ్మకపోవడానికి మూలం ఇదే. అందుకే 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' అంటే అతనికి ప్రాణం. రాయలవారి కాలం నుంచి ఇంటికి రావాల్సిన టైమ్ మెషిన్ 2504కు ఎత్తుకుపోయింది కదా, "గది మిషిన్ అంటే" అంటాడు. కల్కికి సింగీతం సలహాదారుగా ఉన్నారని తెలిశాక బుజ్జి మీద ఫిర్యాదులు కాస్త తగ్గించాడు గానీ, జాకీ సంగతి వదల్లేదు.

మరి అదే కల్కిలో వేల ఏళ్ళుగా బతికున్న అశ్వత్థామను కిమ్మనకుండా ఎట్లా ఒప్పుకున్నాడని అడగొచ్చు. ఇది గట్టి ప్రశ్నే. కానీ ఆయన బతికున్నది శాపం వల్ల, శాపం ఇచ్చినవాడు కృష్ణుడు. ఆ కేసులో కాయితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. దేవుడి పనికి కారణం చాలు, యంత్రానికి బేరింగు కావాలి. సగం పురాణం, సగం యంత్రం కలిపి తీసే మన సైన్సు సినిమాను కొలవడానికి ఇంతకంటే పద్ధతైన గజంబద్ద ఏ సమీక్షకుడి దగ్గరా కనిపించదు. పదో తరగతి గట్టెక్కనివాడికి సైన్సేమిటని తీసిపారేసేవాళ్ళకు ఒక మాట. 1804 నాటి జకార్డు మగ్గం చిల్లుల అట్టలు చూసి పూలూ లతలూ నేసింది. చార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్‌కు ఆ అట్టల పద్ధతినే ఎంచుకున్నాడు. కంప్యూటర్ వంశవృక్షంలో నేతవాళ్ళది మేనమామ వరస. మేనమామకు పెళ్ళిలో నాలుగు మాటలనే హక్కు ఉండదా?

ఒక్క చోట మాత్రం అతన్ని వెనకేసుకురావడం నా వల్ల కాదు. ప్రభాస్ తెరమీదికి వచ్చాడంటే ఇంజినీరు మాయమవుతాడు. ఆ క్షణంలో భూమ్యాకర్షణ పనిచేయకపోయినా అడగడు, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తాడు. అయితే ఆ పూనకం ఫైటు అయ్యేదాకానే. తెర మీద మాటలు మొదలవగానే హీరో ముఖం వదిలేసి ఒంటిమీది బట్ట చూస్తాడు. అసలు అభ్యంతరం అక్కడుంది. కాంప్లెక్స్‌లో నలగని బట్టలు, కాశీలో చిరుగుపాతలు. సరే, 2898లో ఆ నలగని బట్ట నేసిందెవరు? మూడు గంటల సినిమాలో ఒక్క సాంచా చప్పుడైనా అతని చెవిన పడలేదు. రెండో భాగంలో నాగ్ అశ్విన్ అది చూపిస్తే జాకీ సంగతి మాఫీ చేస్తానంటున్నాడు.